ఎత్తున కట్టిన బుట్ట

1880ల చివర్లో ఒకరోజు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం జట్టు ఫుట్‌బాల్ ఆడుతోంది. ఇప్పటి రగ్బీకి దగ్గరగా ఉండే మోటు ఆట అది. తోపులాటలో ఏదో తేడా వచ్చి ఒక కుర్రాడికి ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాడు. మరుక్షణం పక్కనున్న తోటి ఆటగాడి వైపు తిరిగి, నువ్విక్కడ ఉన్న సంగతే మరిచిపోయాను జిమ్, ఏమీ అనుకోవద్దని అన్నాడు.

ఆ జిమ్ పూర్తి పేరు జేమ్స్ నాయ్‌స్మిత్. చర్చిలో బోధకుడు కావడానికి చదువుకుంటున్న యువకుడు. తిట్లు మానమని ఆ కుర్రాడికి అతను ఏనాడూ చెప్పలేదు. ఒక్క నీతివాక్యమూ వల్లించలేదు. పక్కన నిలబడి ఒళ్లు వంచి ఆడాడు, అంతే. మరి ఆ కుర్రాడికి సిగ్గు ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్న నాయ్‌స్మిత్‌ను చాలాకాలం వదల్లేదు. మనిషిలో మంచితనం మాటతో మొలుస్తుందా, చేతతో మొలుస్తుందా? వేదిక మీద నిలబడి చెప్పేవాడు ఎక్కువ మార్చగలడా, మట్టిలోకి దిగి ఆడేవాడు ఎక్కువ మార్చగలడా?

శతకపద్యాలు కంఠతా పట్టించి పిల్లలను పెంచిన తెలుగు ఇళ్లకు ఇది పరాయి ప్రశ్న కాదు. పద్యం అప్పజెప్పిన పిల్లవాడే సాయంత్రం తమ్ముణ్ణి తోసేసి బంతి లాక్కుంటాడు. పద్యం వాడికి తెలియక కాదు. తెలిసినదాన్ని కాళ్లకూ చేతులకూ ఎక్కించే దారి వేరే ఉండాలి. నాయ్‌స్మిత్ ఆ దారి వెతుక్కుంటూ వెళ్లి ఒక ఆటను కనిపెట్టాడు. ఈరోజు పిల్లలను బాస్కెట్‌బాల్ కోర్టుకు తీసుకెళ్లే అమ్మానాన్నలు ఆ వెతుకులాట సంగతి తెలుసుకుంటే, ఆ కోర్టు మీద గీసిన ప్రతి గీతా కొత్తగా కనిపిస్తుంది.

నాయ్‌స్మిత్ 1861 నవంబరు 6న కెనడాలోని ఆల్మాంట్ దగ్గర పుట్టాడు. తొమ్మిదేళ్లకే టైఫాయిడ్ అమ్మనూ నాన్ననూ తీసుకుపోయింది. మేనమామ ఇంట పెరిగాడు. బడి మధ్యలో మానేసి అడవుల్లో కలప కొట్టే పనికి వెళ్లాడు, కొన్నేళ్లకు మళ్లీ బడిలో చేరి చదువు పూర్తిచేశాడు. 1890లో మాంట్రియల్‌లోనే మతశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు. ఆ కాలంలో మతవిద్యార్థి మైదానంలోకి దిగడమంటే చాలామంది పెద్దలకు సైతాను కొలువులో చేరినట్టే. ఒకసారి శనివారం ఆటలో దెబ్బలు తగిలి, ఆదివారం రెండు కళ్లూ నల్లగా కమిలిన ముఖంతో అతను ప్రసంగ వేదిక ఎక్కాడట. చివరికి బోధకుడి వృత్తిని వదిలి వ్యాయామ విద్య వైపు మళ్లినప్పుడు, తోబుట్టువు ఆనీ ఆ నిర్ణయాన్ని మన్నించలేకపోయింది.

అతని దృష్టిలో మాత్రం అది వదిలిపెట్టడం కాదు, అదే పనిని వేరే చోట చేయడం. వై.ఎం.సి.ఏ. (యువ క్రైస్తవుల సంఘం) ఉద్యమం అప్పటికి ఆ మాట గట్టిగా చెబుతోంది. 1844లో లండన్‌లో పుట్టిన ఆ సంస్థ, శరీరం ఆత్మకు శత్రువన్న పాత నమ్మకాన్ని పక్కనపెట్టి, దేహం, బుద్ధి, ఆత్మ మూడూ ఒకే త్రిభుజానికి మూడు భుజాలంది. ఆ ఆలోచనకు రూపం ఇచ్చిన లూథర్ గ్యూలిక్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ సంస్థ శిక్షణ పాఠశాలలో నాయ్‌స్మిత్‌కు పై అధికారి. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1897లో, మద్రాసులో ప్రసంగించిన వివేకానందుడు కూడా యువకులకు ముందు బలం కావాలనీ, గీత చదవడం కంటే ఫుట్‌బాల్ ఆడడం వల్ల స్వర్గానికి మరింత చేరువవుతారనీ అన్నాడు. ఎక్కడో మసాచుసెట్స్, ఎక్కడో మద్రాసు. మతాలు వేరు, మాట ఒకటే: ఒంటిని వదిలేసి ఆత్మను బాగుచేయలేం.

1891 చలికాలం. బయట మంచు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 18 మంది విద్యార్థుల తరగతి ఒకటి గురువులకు కొరకరాని కొయ్యగా మారింది. వ్యాయామశాలలో చేయించే కవాతులు వాళ్లకు విసుగు. బయటి ఆటలను లోపలికి తెస్తే దెబ్బలు తగిలేవి, కిటికీలు పగిలేవి. కొత్త ఆట కనిపెట్టమని గ్యూలిక్ నాయ్‌స్మిత్‌కు రెండు వారాల గడువు ఇచ్చాడు.

పద్నాలుగు రోజుల్లో ఎక్కువ భాగం పాత ఆటలను మార్చి చూడడంలోనే గడిచిపోయింది. అప్పుడు నాయ్‌స్మిత్ ఆటలను వదిలి, ఆటలోని మోటుతనం గురించి ఆలోచించాడు. ఫుట్‌బాల్‌లో ఒకరినొకరు ఎందుకు కుమ్ముకుంటారు? బంతి పట్టుకున్నవాడు పరుగెత్తుతాడు కాబట్టి, వాణ్ణి ఆపాలంటే పడగొట్టక తప్పదు. పరుగెత్తే హక్కే లేకపోతే? పడగొట్టాల్సిన అవసరమే ఉండదు. బంతి దొరికిన చోటే నిలబడి ఇంకొకరికి అందించాలి. కొత్త ఆటకు పునాది ఆ క్షణంలో పడింది.

రెండో ముడి గోలు. నేలమీద ఉంటే బలంకొద్దీ బంతిని విసరాలనిపిస్తుంది, ఎదుట ఉన్నవాడికి దెబ్బ తగులుతుంది. ఇక్కడ అతనికి చిన్ననాటి ఆట గుర్తొచ్చింది. పెద్ద బండమీద ఒక రాయి పెట్టి, దూరంనుంచి రాళ్లు విసిరి దాన్ని పడగొట్టే ఆట. మన ఏడుపెంకులాటకు దూరపు బంధువులాంటిది. బలంగా విసిరినవాడి రాయి ఎక్కడో పడేది, తెచ్చుకునేలోపు కాపలావాడికి దొరికిపోయేవాడు. మెల్లగా, గాలిలో వంపు తిరిగేలా వేసినవాడి రాయి దగ్గరే పడేది. గోలును తలలకు పైన, ఆకాశం వైపు నోరు తెరిచి ఉండేలా పెడితే? బలం పనికిరాదు, నేర్పు కావాలి. వంచి వేయక తప్పదు.

పెట్టెలు కావాలని అడిగితే పాఠశాల సంరక్షకుడు రెండు పీచ్ పళ్ల బుట్టలు తెచ్చిచ్చాడు. వాటిని బాల్కనీ కటకటాల అడుగున మేకులతో బిగించారు. ఆ బాల్కనీ ఎత్తు పది అడుగులు. ఇప్పుడు ప్రపంచమంతటా రింగ్ 3.05 మీటర్ల ఎత్తున ఉండడానికి కారణం అదే. డిసెంబరు 21న తొమ్మిదేసి మంది చొప్పున రెండు జట్లు సాకర్ బంతితో ఆడాయి. ఆట మొత్తానికి పడింది ఒక్క గోలు. విలియం చేజ్ వేశాడు.

నాయ్‌స్మిత్ రాసిన 13 నియమాలను ఒక నీతిశాస్త్ర గ్రంథంలా చదవవచ్చు. భుజంతో కుమ్మడం, పట్టుకోవడం, తోయడం, కాలు అడ్డుపెట్టడం, కొట్టడం నిషేధం. మొదటిసారి చేస్తే ఫౌల్. రెండోసారి చేస్తే తర్వాతి గోలు పడేదాకా బయట కూర్చోవాలి. గాయపరచాలన్న ఉద్దేశం స్పష్టంగా ఉంటే ఆట ముగిసేదాకా బయటే, వాడి స్థానంలో ఇంకొకరు రాకూడదు. ఒక జట్టు వరసగా మూడు ఫౌళ్లు చేస్తే ఎదుటివారికి ఒక గోలు. అంటే ఒకడి కోపానికి పదిమందీ మూల్యం చెల్లించాలి. ఉద్దేశాన్ని పొరపాటునుంచి విడదీసి తూచే ధర్మశాస్త్ర దృష్టి ఇందులో ఉంది. ఇద్దరు తీర్పరుల పనిని కూడా అతను విభజించాడు: ఒకరు మనుషులను కనిపెట్టి ఉండాలి, ఇంకొకరు బంతిని. ఎవరు గెలుస్తున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎలా ఆడుతున్నారన్నదీ అంతే ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే సూటి పద్ధతి దొరకదు.

1939లో, తన చివరి ఏడాది, నాయ్‌స్మిత్ రేడియోలో మాట్లాడుతూ తొలి ప్రయత్నం ఎంత గందరగోళంగా జరిగిందో చెప్పాడు. కుర్రాళ్లు కలబడ్డారు, తన్నుకున్నారు, ఒకడు స్పృహ తప్పాడు, ఒకడి భుజం తొలగింది. నియమాలు తక్కువ పెట్టడం తన పొరపాటని ఒప్పుకున్నాడు. బంతితో పరుగెత్తకూడదన్న నియమం బిగించాకే దెబ్బలు ఆగాయి. తొలి ప్రయత్నానికీ, నియమం బిగించాక ఆడిన ఆటకూ మధ్య ఆ 18 మంది విద్యార్థులూ మారిపోలేదు. వాళ్లు నిలబడిన నేల మారింది. మంచివాడిగా ఉండమని చెప్పడం ఒక పద్ధతి. మంచివాడిగా ఉండడం తేలికయ్యేలా పరిసరాలను అమర్చడం రెండో పద్ధతి. బాస్కెట్‌బాల్ రెండో పద్ధతికి పుట్టిన బిడ్డ.

ఇంట్లో పిల్లలకు ఈ ఆట మొదలుపెట్టించే వారికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఎనిమిదేళ్ల పాపకు పెద్దల బంతి ఇచ్చి, పది అడుగుల రింగ్ చూపించి, వెయ్యమంటే ఆమె చేయగలిగింది ఒక్కటే: నడుము విరుచుకుని బలంకొద్దీ విసరడం. అప్పుడు పట్టుబడిన తప్పుడు భంగిమ ఏళ్లతరబడి వదలదు. అందుకే అమెరికాలోని స్క్రాంటన్ పట్టణంలో జే ఆర్చర్ 1950లో పిల్లల కోసం చిన్న బంతి, తక్కువ ఎత్తు రింగ్‌తో ఆట మొదలుపెట్టాడు. ఇప్పటి మినీ బాస్కెట్‌బాల్‌లో రింగ్ 2.60 మీటర్ల ఎత్తున ఉంటుంది, బంతి 5వ సైజు. స్త్రీల ఆటకు 6, పురుషుల ఆటకు 7. పిల్లవాడు ఎదిగేకొద్దీ రింగ్ కూడా ఎదగాలి. అందని ఆదర్శం పిల్లల్ని గొప్పవాళ్లను చేస్తుందనుకునే పెద్దలు ఈ 45 సెంటీమీటర్ల తేడా గురించి కాసేపు ఆలోచించాలి.

మొదటి వారాల్లో రింగ్ జోలికి పోకపోయినా ఫరవాలేదు. బంతితో స్నేహం ముఖ్యం. అరచేతితో కొట్టకుండా వేళ్ల మెత్తని భాగంతో నేలకు తట్టడం, కళ్లు బంతి మీదనుంచి లేపి ఎదుటివారిని చూడడం, కుడిచేయి ఎంత చేస్తే ఎడమచేయీ అంత చేయడం. ఛాతీ దగ్గరనుంచి నేరుగా పాస్, నేలమీద ఒక్కసారి పడి లేచే పాస్. బంతి పట్టుకుని ఆగాక ఒక కాలు నేలకు అతుక్కుని ఉండాలి, రెండో కాలితో ఎటైనా తిరగవచ్చు. అతుక్కున్న కాలు జరిగితే ట్రావెలింగ్, బంతి ఎదుటివారికి పోతుంది. కట్టుబడిన కాలు ఒకటి, స్వేచ్ఛగా తిరిగే కాలు ఒకటి. రెండూ కలిస్తేనే నాలుగు దిక్కులూ అందుబాటులోకి వస్తాయి.

డ్రిబ్లింగ్ కథ మరీ ముచ్చటైనది. నాయ్‌స్మిత్ నియమాల్లో అది లేదు. చుట్టూ ఎదుటివాళ్లు మూగి, పాస్ ఇవ్వడానికి ఎవరూ దొరకని ఆటగాడు ఒక ఉపాయం పన్నాడు: బంతిని నేలకు కొట్టి, చేతినుంచి వదిలేసి, మళ్లీ అందుకున్నాడు. చేతిలో లేని బంతితో పరుగెత్తడం తప్పు కాదు కదా. నియమం మాటను నిలబెడుతూ దానికి కొత్త ప్రాణం పోసిన ఈ ఎత్తును నాయ్‌స్మిత్ ఇష్టంగా ఒప్పుకున్నాడు. బంతిని తనదిగా ఉంచుకోవాలంటే ప్రతి అడుగుకూ వదిలేయాలి. గట్టిగా పట్టుకున్నవాడు కదలలేడు. వైరాగ్యం గురించి పెద్దలు చెప్పే మాటలు పదేళ్ల పిల్లవాడికి అర్థం కావు. ఈ అనుభవం మాత్రం పది నిమిషాల్లో వాడి వేళ్లకు తెలిసిపోతుంది.

ఆటలో మనిషి ఒంటరిగా నిలబడే ఘట్టం ఒకటుంది, ఫ్రీ త్రో. ఎవరూ అడ్డుపడరు, గడియారం ఆగిపోతుంది, అందరూ చూస్తుంటారు. అహం గురించి ఇక్కడ దొరికే పాఠానికి అమెరికన్ ఆటగాడు విల్ట్ ఛాంబర్లిన్ జీవితమే సాక్ష్యం. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హర్షీలో అతను ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించాడు. ఆ రోజు 32 ఫ్రీ త్రోల్లో 28 వేశాడు. రెండు చేతులతో బంతిని మోకాళ్ల దగ్గరనుంచి పైకి లేపే పద్ధతిలో వేశాడు. అతని చేతికి అంతకంటే బాగా కుదిరిన పద్ధతి లేదు. అయినా తర్వాత మానేశాడు. అలా వేస్తుంటే ఆడంగిగా కనిపిస్తున్నానని సిగ్గుపడ్డానని తానే రాసుకున్నాడు. మేలు ఏదో తెలుసు, చేసి చూశాడు, ఫలితమూ చూశాడు. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ వీటన్నిటినీ మించిపోయింది. రిక్ బ్యారీ అదే పద్ధతిని పట్టువదలకుండా పాటించి, అమెరికా వృత్తి లీగ్ ఎన్.బి.ఏ.లో నూటికి 89కి పైగా ఫ్రీ త్రోలు వేసిన ఆటగాడిగా నిలిచాడు. బిడ్డ కొత్తగా, వింతగా బంతి వేస్తున్నప్పుడు నవ్వే పెద్దలకు ఈ ఇద్దరి కథ తెలిసి ఉండాలి.

పెద్దల సంగతి వచ్చింది కాబట్టి బుట్ట వెనకాల ఉండే బోర్డు గురించి కూడా చెప్పుకోవాలి. తొలినాళ్లలో బాల్కనీలో కూర్చున్న ప్రేక్షకులు ఉత్సాహం పట్టలేక చేతులు చాచి, తమవాళ్ల బంతిని బుట్టలోకి తోసేవారు, ఎదుటివాళ్ల బంతిని పక్కకు నెట్టేవారు. వాళ్లను దూరం పెట్టడానికి బుట్ట వెనక అడ్డుగోడ కట్టారు. ఈరోజు పిల్లలు బంతిని తాకించి లేఅప్ వేసే బోర్డు, నిజానికి, అతిగా ప్రేమించే ప్రేక్షకులకు కట్టిన గోడ. గీత బయట నిలబడి పాస్ ఇవ్వు, షూట్ చెయ్యి అని అరిచే నాన్న కూడా ఆ బాల్కనీలోనే కూర్చున్నట్టు లెక్క. ఆటలో తప్పు చేసి, దిద్దుకునే అవకాశం బిడ్డది. ఇంటికి వచ్చాక ఎన్ని పాయింట్లు వేశావని అడిగే ముందు, ఎవరికి పాస్ ఇచ్చావని అడిగే ఇల్లు నాయ్‌స్మిత్ స్వభావానికి దగ్గర. తర్వాతి కాలంలో ఆయన శిక్షకుడిగా ఉన్న కాన్సాస్ విశ్వవిద్యాలయం జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడింది. అక్కడి బాస్కెట్‌బాల్ శిక్షకులందరిలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్నది ఆట పుట్టించిన ఆయనకే.

ఆట సహజంగానే మనుషులను మంచివాళ్లను చేస్తుందని చెబితే అది అబద్ధం. 1896లో ట్రెంటన్ నగరంలో డబ్బుకు ఆడిన తొలి జట్టు కోర్టు చుట్టూ వలకంచె కట్టుకుని ఆడింది. ఆ కంచెకేసి మనుషులను గుద్దే ఆట చాలాకాలం నడిచింది. ఒక చోటునుంచి తరిమిన మోటుతనం ఈ బోనులో తిరిగి చేరింది. ఆట తలుపులు కూడా అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. 2014లో చైనాలోని వూహాన్‌లో జరిగిన ఆసియా పోటీల్లో భారత ఆటగాళ్లు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్‌లను తలపాగాలు తీసేశాకే కోర్టులోకి దిగనిచ్చారు. హిజాబ్ ధరించే అమ్మాయిలదీ అదే పరిస్థితి. తలమీద వస్త్రం ఎదుటివారికి ప్రమాదమన్న ఆ నియమాన్ని అంతర్జాతీయ సమాఖ్య 2017లో మార్చింది. ఎవరికీ దెబ్బ తగలకూడదని మొదలైన నియమాలు కొందరి విశ్వాసానికి దెబ్బ తీశాయని గుర్తించడానికి అంతకాలం పట్టింది. విశ్వాసం ఆటకు అడ్డం కాదని అంతకు చాలా ముందే హకీమ్ ఒలాజువాన్ చూపించాడు. 1995 ఫిబ్రవరిలో రంజాన్ ఉపవాసం ఉంటూనే ఎన్.బి.ఏ.లో ఆ నెల ఉత్తమ ఆటగాడయ్యాడు.

మన దేశానికి ఈ ఆటను తెచ్చిందీ తొలి 18 మందిలో ఒకడే. డంకన్ ప్యాటన్ 1894లో దాన్ని ఇక్కడికి మోసుకొచ్చాడు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల స్థాపించాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. హైదరాబాదులో నారాయణగూడ వై.ఎం.సి.ఏ. చాలామందికి కూడలి పేరుగానే తెలుసు. ఆ నాలుగక్షరాల వెనక ఈ కథంతా ఉంది.

ఈ కథలో అందరికంటే ముఖ్యుడు బహుశా జాన్ మెక్‌లెండన్. నల్లజాతి కుర్రాడు. 1930ల్లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరిన మొదట్లోనే నాయ్‌స్మిత్ గది తలుపు తట్టి, మీరే నా మార్గదర్శి అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే మా నాన్న అన్నాడు. తండ్రుల మాట ఎప్పుడూ సరైనదేనంటూ వృద్ధుడు లోపలికి పిలిచాడు. వర్ణవివక్ష వల్ల మెక్‌లెండన్‌కు విశ్వవిద్యాలయ జట్టులో ఆడే అవకాశమే లేదు. ఆట పుట్టించినవాడి దగ్గర చదివి, ఆ ఆట ఆడకుండానే 1936లో పట్టా తీసుకున్నాడు.

ఎనిమిదేళ్ల తర్వాత మెక్‌లెండన్ నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో నల్లజాతివారి కళాశాల జట్టుకు శిక్షకుడు. అదే ఊళ్లో తెల్లవారి డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థుల జట్టు ఉంది. ఈ రెండూ కలిసి ఆడడాన్ని ఆనాటి సమాజం క్షమించేది కాదు. 1944 మార్చి 12, ఆదివారం ఉదయం ఎంచుకున్నారు. ఆ వేళకు ఊరంతా, పోలీసులతో సహా, చర్చిలో ఉంటుంది. డ్యూక్ కుర్రాళ్లు చుట్టుదారుల్లో కార్లలో వచ్చి, కోట్లు తలమీదికి లాక్కుని వ్యాయామశాలలోకి దూరారు. తలుపులు మూసి గడియలు పెట్టారు. సంగతి పసిగట్టిన కొందరు విద్యార్థులు కిటికీల దాకా ఎగబాకి చూశారు.

మెక్‌లెండన్ జట్టు 88–44 స్కోరుతో గెలిచింది. అంతటితో అయిపోవలసిన ఆట అయిపోలేదు. కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ ఆడదామనుకున్నారు. ఈసారి రెండు జట్లనూ కలిపేసి, మళ్లీ రెండుగా విడదీశారు. ఒక జట్టువాళ్లు చొక్కాలు వేసుకున్నారు, ఇంకో జట్టువాళ్లు విప్పేశారు. తెల్లవాడు నల్లవాడికి పాస్ ఇచ్చాడు, నల్లవాడు తెల్లవాడికి తిరిగి ఇచ్చాడు. అది ముగిశాక కూడా డ్యూక్ కుర్రాళ్లు వెంటనే కార్లెక్కలేదు. ఎదుటి జట్టువాళ్ల హాస్టల్‌కు వెళ్లి, మాట్లాడుకుంటూ కూర్చుండిపోయారు.